కలలో కనిపించిన అక్షరాలు

పోయిన వేసవి సెలవుల్లో మా రచయితలం కొంతమందిమి ఒక గూడెంలో చేరి మన భాషల గురించి, లిపుల గురించి మాట్లాడుకున్నాం. మాలో సవరలున్నారు, కోయలున్నారు, గోండులున్నారు. ఊరి కుర్రాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. మాటల్లో సవర లిపి సంగతి వచ్చింది. 1936లో మంగై గొమాంగో అనే సవర పెద్దకు ఆ అక్షరాలు దర్శనంలో కనిపించాయని మాలో ఒకరు చెప్పారు. అంతవరకు ఒళ్లంతా చెవులు చేసుకుని విన్న డిగ్రీ కుర్రాడొకడు తల దించుకున్నాడు. కాసేపాగి అన్నాడు: "ఆ ఒక్క మాట పుస్తకంలో రాయకండి సార్. కలలో లిపి వచ్చిందంటే బయట నవ్వుతారు. చదువుకున్నోళ్లు నలుగురు కలిసి తయారు చేశారని రాయండి."

ఆ కుర్రాడి మీద మాకు కోపం రాలేదు. మేమూ ఆ వయసులో అలాగే తల దించుకున్నాం. హాస్టల్లో ఉన్నప్పుడు మా ఇళ్లలో కలలకు విలువిస్తారని, గోడ మీది బొమ్మతో మాట్లాడతారని ఎవరితోనూ చెప్పేవాళ్లం కాదు. చెబితే ఏమవుతుందో మాకు తెలుసు. కానీ ఇన్నేళ్ల తర్వాత వెనక్కి తిరిగి చూస్తే, మేం దాచిపెట్టింది మన చరిత్రలో చాలా బలమైన భాగమని తెలుస్తోంది. అందుకే ఆ కుర్రాడికి నిదానంగా జవాబు చెబుదామని ఈ వ్యాసం రాస్తున్నాం. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీతోపాటు మీ టీచర్లు కూడా చదవాలని మా కోరిక.

కొండల మీద గీసిన గీత

సవరలు తమను తాము సొర అని చెప్పుకుంటారు. వాళ్ల భాష ముండా కుటుంబానిది. సంతాలి, ముండారి, హో భాషలు దానికి అక్కచెల్లెళ్లు. తెలుగు, ఒడియా పక్కింటి భాషలే గాని రక్తసంబంధం ఉన్నవి కావు. సవరల ఊళ్లు ఇటు శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో సీతంపేట, భామిని, మందస వైపు ఉన్నాయి. అటు ఒడిశాలో గజపతి, రాయగడ జిల్లాల్లో ఉన్నాయి. కొండలు మాత్రం ఒకటే. పెళ్లి సంబంధాలు ఒకటే, సంతలు ఒకటే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా కొత్త రాష్ట్రంగా ఏర్పడింది. అంతవరకు మద్రాసు రాష్ట్రంలో ఉన్న పర్లాకిమిడి జమీందారీలో ఎక్కువ భాగం, జయపురం సంస్థానం ఒరిస్సాలోకి వెళ్లాయి. ఆ గీత ఎక్కడ గీయాలన్న వాదన తెలుగువాళ్లకూ ఒడియావాళ్లకూ మధ్య చాలా ఏళ్లు నడిచింది. ఎవరి భాష మాట్లాడేవాళ్లు ఎంతమంది, ఏ తాలూకా ఎవరికి చెందాలి అని లెక్కలు వేసుకున్నారు. సవర భాష తెలుగూ కాదు, ఒడియా కూడా కాదు. అయినా గీత ఆ కొండల మీదుగానే పోయింది. ఒకే ఇంటి మనుషుల్లో గీతకు ఇటున్నవాళ్ల పిల్లలు తెలుగు బడికి, అటున్నవాళ్ల పిల్లలు ఒడియా బడికి వెళ్లాల్సి వచ్చింది. చర్చికి వెళ్లేవాళ్లు మిషనరీలు నేర్పిన రోమన్ అక్షరాల్లో సవర చదివేవాళ్లు. ఒక్క భాష మూడు లిపుల్లోకి చీలిపోయింది. ఆ మూడూ బయటివాళ్లవే.

ఆ గీత పడ్డాక మూడు నెలలు కూడా గడవకముందే, 1936 జూన్ 18న, మంగై గొమాంగోకు అక్షరాల దర్శనం అయింది. దీనివల్లే అది జరిగిందని మేం తీర్పు చెప్పం. కానీ ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడమని మాత్రం అడుగుతాం. ప్రశ్న గాలిలో ఉన్నప్పుడే జవాబు ఎవరికో ఒకరికి కలలో కనిపిస్తుంది.

గిడుగు వారి దారి

సవర భాషకు రాత తెచ్చే పని అంతకుముందే ఒకరు మొదలుపెట్టారు. ఆయన గిడుగు వెంకట రామమూర్తి. వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషిగా పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు మీరంతా చదివే ఉంటారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకొనేది ఆయన పుట్టినరోజనే. కానీ పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవర నేర్చుకున్నారని, సవర మనిషిని తన ఇంట్లో ఉంచుకుని మాట మాటా రాసుకున్నారని, సవర పిల్లల కోసం సొంత ఖర్చుతో బడి నడిపారని చాలామంది పిల్లలకు తెలియదు. తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణ గ్రంథాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. 1938లో సవర నిఘంటువు వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. అడవి జ్వరాలకు తిన్న క్వినైన్ వల్ల చెవులు దెబ్బతిన్నా పని ఆపలేదు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు ఆ ఊరు విడిచి రాజమండ్రి వచ్చేశారు.

గిడుగు వారి దారి లెక్క దారి. ఒక శబ్దం నోట్లో ఎక్కడ పుడుతోంది, గొంతు ఎక్కడ పట్టుకుంటోంది, మాటకు మాట ఎలా అతుక్కుంటోంది, ఇవన్నీ విడదీసి, కొలిచి, రాసి పెట్టారు. సవర మాటలో గొంతు చటుక్కున ఆగే చోట్లు ఉంటాయి. తెలుగు రాతలో వాటికి గుర్తు లేదు. ఆయన దాన్ని పట్టుకున్నారు. ఇది గొప్ప పని. సవరలకు ఇప్పటికీ ఆ నిఘంటువు ఆస్తి.

అయితే ఒక మాట గమనించాలి. ఆయన నలభై ఏళ్లు శ్రమించినా, సవరలు "ఇది మా లిపి" అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పుకొనే అక్షరాలు ఆ పనిలో నుంచి రాలేదు. అది ఆయన లోపం కాదు. భాషను అర్థం చేసుకోవడానికి లెక్క చాలు. దాన్ని మనదని పట్టుకోవడానికి వేరే బలం కావాలి. ఆ బలం మరో దారిలో వచ్చింది.

మంగై దారి

మంగై గొమాంగో చదువు లేని మనిషి కాడు. ఆయనకు ఒడియా వచ్చు, తెలుగు వచ్చు, ఇంగ్లీషు తెలుసు. మూడు రకాల అక్షరాలు ఆయన చేతికి అలవాటే. వాళ్ల కుటుంబ పెద్ద మాలియా గొమాంగో సవరలకు సొంత లిపి ఉండాలని తపించిన నాయకుడు. ఆ తపన మంగైకి అంటుకుంది. ఇప్పటి రాయగడ జిల్లా గుణుపురం వైపు మరిచిగుడ అనే చోట ఆయనకు ఇరవై నాలుగు అక్షరాలు దర్శనంలో కనిపించాయని ఆ సంప్రదాయం వాళ్లు చెబుతారు. ఆ లిపిని సొరంగ్ సొంపెంగ్ అంటారు. అక్షర బ్రహ్మ అనే దేవుడి రూపంగా దాన్ని కొలుస్తారు. ఒక్కో అక్షరాన్ని ఒక్కో దేవతతో ముడిపెట్టి చూస్తారు.

ఇప్పుడు ఆ అక్షరాలను కొంచెం దగ్గరగా చూద్దాం. టీచర్లు ఈ భాగాన్ని నల్లబల్ల మీద రాసి చూపించవచ్చు.

ఇరవై నాలుగు అక్షరాల్లో పద్దెనిమిది హల్లులు, ఆరు అచ్చులు. వరస క, ఖ, గ, ఘ అని పోదు. స, ట, బ, చ, డ, గ, మ అని పోతుంది. సొర అన్న పేరు మొదలయ్యేది కూడా స తోనే. ఖ, ఘ, ఛ, ఝ లాంటి ఒత్తు పలికే అక్షరాలు ఒక్కటీ లేవు. తెలుగులో ఉన్నట్టు గుణింతపు గుర్తులు లేవు. కింద వేలాడే ఒత్తులు లేవు. అచ్చు కూడా హల్లు పక్కనే నిండు అక్షరంగా నిలబడుతుంది. అంకెలు కూడా విడిగా, సొంతంగా ఉన్నాయి.

దీన్ని బట్టి ఏం తెలుస్తోంది? ఆ కలకు భాష తెలుసు. సవర నోటికి అక్కరలేని అక్షరాలను అది తీసుకురాలేదు. పక్కింటి లిపుల నుంచి వరసను అప్పు తెచ్చుకోలేదు. ఏది ఉంచాలో, ఏది వదలాలో తేల్చుకుంది. అంటే ఏళ్ల తరబడి విన్నది, చదివింది, మథనపడింది అంతా ఆ మనిషి లోపల ఊరింది. ఇప్పపువ్వు ఊరినట్టు ఊరింది. ఊరేటప్పుడు కుండ మూత తీసి చూస్తే ఏమీ కనిపించదు. ఒకరోజు మాత్రం అంతా ఒక్కసారిగా అందింది. దాన్ని మంగై దర్శనం అన్నాడు. దాన్ని ఏ పేరుతో పిలిచినా సరే, కూర్చుని ఒక్కో అక్షరం పేర్చుకుంటూ పోయే ఆలోచనకు అందని చోటు నుంచి అది వచ్చిందన్న మాట నిజం.

నలుగురు చదువుకున్నవాళ్లు కమిటీ వేసుకుని చేసి ఉంటే ఏమయ్యేది? ఆ కమిటీకి ఎవరో ఒకరి ముద్ర కావలసి వచ్చేది. సర్కారు ఒప్పుకోవాలి, పండితులు ఒప్పుకోవాలి. 1936లో సవరల చేతిలో సర్కారు లేదు, పత్రిక లేదు, విశ్వవిద్యాలయం లేదు. కలకు మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. అక్షర బ్రహ్మ ఇచ్చినదాన్ని తాసీల్దారు కాదనలేడు. ఏ అధికారమూ లేని జనానికి ఊహే అధికారం అయింది.

ఈ కథలో నష్టం కూడా ఉంది. దాన్ని దాచకూడదు. లిపి దేవుడైనందువల్ల ఆ దేవుణ్ణి కొలిచేవాళ్ల దగ్గరే అది ఎక్కువగా నిలిచింది. క్రైస్తవ సవరలు రోమన్ లిపి విడిచి రాలేదు. మన వైపు సవర పిల్లలకు తెలుగు లిపి అలవాటైంది. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులు మొదలుపెట్టినప్పుడు కూడా సవర వాచకాలు తెలుగు లిపిలోనే వచ్చాయి. అయినా ఆ లిపి చావలేదు. అందులో పుస్తకాలు అచ్చయ్యాయి. 2012లో యూనికోడ్‌లో చేరింది. ఒక కొండ మీద ఒక మనిషికి కనిపించిన అక్షరాలకు ప్రపంచంలోని కంప్యూటర్లన్నిటిలో చోటు దొరికింది.

గోడ మీది ఇల్లు

మంగై దర్శనం ఉన్నట్టుండి ఊడిపడింది కాదు. సవర ఇళ్లలో కలను పనిలో పెట్టే పద్ధతి అంతకుముందే ఉంది. గోడ బొమ్మలే దానికి సాక్ష్యం.

వెరియర్ ఎల్విన్ 1940లలో ఒరిస్సా సవర కొండల్లో తిరిగి ఈ బొమ్మలను రాసిపెట్టాడు. 1951లో మధ్య భారత గిరిజన కళ మీద, 1955లో సవరల మతం మీద ఆయన పుస్తకాలు వచ్చాయి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, పంట సరిగా రాకపోతే, కుడన్‌నో కుడన్‌బోయినో పిలుస్తారు. కుడన్ మగవాడు, కుడన్‌బోయి ఆడమనిషి. ఏ సోనుం, అంటే ఏ పెద్దల ఆత్మ లేదా దేవత, ఏం కోరుతోందో వాళ్లు చెబుతారు. బొమ్మ కావాలంటే గోడను ఎర్రమట్టితో అలికి, బియ్యప్పిండి నీళ్లతో, నమిలిన పుల్లతో బొమ్మ వేస్తారు. చుట్టూ నాలుగు గీతలు గీస్తే అది ఇల్లు. అందులో ఆ సోనుం వచ్చి ఉంటుంది. బొమ్మ వేసే మనిషి కలలో చూసిందాన్ని గోడ మీదికి తెస్తాడు.

ఆ బొమ్మల్లో ఏమున్నాయి? సూర్యుడు, చంద్రుడు, నెమలి, ఏనుగు, దువ్వెన, నాట్యం చేసే వరసలు ఉన్నాయి. వీటితోపాటు ఎల్విన్ చూసిన బొమ్మల్లో సైకిళ్లు, రైళ్లు, విమానాలు ఉన్నాయి. గుర్రమెక్కిన దొరలు, తుపాకులు పట్టుకున్న మనుషులు ఉన్నారు. అంటే కొండకు వచ్చిన ప్రతి కొత్త అధికారాన్నీ, ప్రతి కొత్త వస్తువునూ కల లోపలికి తీసుకుని, దానికి ఒక చోటు చూపించి, గోడ మీద కూర్చోబెట్టింది. సర్కారు రికార్డులో సవర మనిషి ఒక అంకె. సవర గోడ మీద సర్కారు ఒక చిన్న బొమ్మ. చరిత్ర చదివేవాళ్లకు రెండూ కావాలి.

కుడన్‌బోయిల గురించి ఎల్విన్ రాసిన మరో సంగతి ఉంది. వాళ్లకు కింది లోకంలో ఒక భర్త ఉంటాడు. ఆ భర్త చాలాసార్లు పెద్ద కులం మనిషి, రాజుల వైపు మనిషి. పై లోకంలో జమీందారుకు కప్పం కట్టే ఇంటి ఆడబిడ్డ కింది లోకంలో రాజబంధువు. దీన్ని మూఢనమ్మకం అని ఒక్క మాటలో తీసేసేవాళ్లు, తల వంచి బతికిన మనుషులు లోపల తల ఎలా ఎత్తుకున్నారో ఎన్నటికీ చూడలేరు.

మిగతా తెగల కథ

ఇది సవరల ఒక్కరి కథే కాదు. జార్ఖండ్ వైపు హో జనానికి లాకో బోద్రా వారంగ్ చితి లిపి తెచ్చాడు. అది పూర్వం దేవాన్ తూరి అనే ఆయన చేసిన లిపి అని, తనకు దర్శనంలో మళ్లీ దొరికిందని ఆ సంప్రదాయం. మయూర్‌భంజ్‌లో పండిత్ రఘునాథ్ ముర్ము 1925లో సంతాలి కోసం ఓల్ చికి తయారు చేశాడు. అందులో ముప్ఫై అక్షరాలు. అక్షరాల ఆకారాల్లో, పేర్లలో నేల, పుట్టగొడుగు, పంట కోసే కొడవలి లాంటివి కనిపిస్తాయి. ఆయన మాస్టారు, నాటకాలు రాసిన మనిషి. ఆయన ఊహకు ఊరంతా బడి పలక అయింది. 2003లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో సంతాలి చేరింది. సొంత లిపి ఉండటం ఆ పోరాటానికి వెన్నెముక అయింది.

మన ఆదిలాబాద్ వైపు రండి. నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపిలో రాసిన పాత చేతిరాత ప్రతులు బయటపడ్డాయి. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. ఒక లిపి దర్శనంలో దొరికితే, మరొకటి ఊళ్లో పెద్దల దగ్గర మూటలో దొరికింది. రెండూ ఒకే ఆకలి తీర్చాయి. 1943లో మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ పూనికతో గోండు టీచర్ల శిక్షణ మొదలైనప్పుడు గోండి వాచకాలు దేవనాగరి లిపిలో రాశారు. అప్పుడు అది మంచి పనే. కానీ మన అక్షరం మన దగ్గరే ఉందని తెలిస్తే పిల్లవాడి నడక వేరుగా ఉంటుంది.

బొమ్మల్లోనూ ఇదే జరిగింది. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌లో పుట్టిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ పర్ధాన్ గోండు. వాళ్ల పని వాద్యం వాయిస్తూ గోండుల వంశగాథలు, దేవతల కథలు పాడటం. మన వైపు పర్ధాన్లు కిక్రి వాయించినట్టే. పాట వినేవాళ్లు తగ్గిపోతున్న కాలంలో ఆ కుర్రాడు గోడ మీద బొమ్మలు వేశాడు. 1980ల మొదట్లో భోపాల్ భారత్ భవన్ కోసం చిత్రకారుడు జె. స్వామినాథన్ పంపినవాళ్లు వాటిని చూశారు. పాటలో తప్ప ఎక్కడా ఆకారం లేని దేవతలకు జన్‌గఢ్ ఆకారం ఇచ్చాడు. ఆయనకు ముందు చూసి గీయడానికి నమూనా లేదు. చెవిలో ఉన్నదే కంటిలోకి వచ్చింది. ఇప్పుడు ఆ ఊళ్లో ఇంటింటా చిత్రకారులున్నారు.

నవ్వేవాళ్లు ఎవరిని చూసి నవ్వరు?

బయట నవ్వుతారని కదా ఆ కుర్రాడి భయం. బయటి లోకం తన గొప్పవాళ్ల గురించి ఏం చెప్పుకుంటుందో చూద్దాం.

శ్రీనివాస రామానుజన్ లెక్కల్లో ఎంత గొప్పవాడో మీ లెక్కల మాస్టారు చెబుతారు. తమ కులదేవత నామక్కల్ నామగిరి తాయారు కలలో సూత్రాలు చూపిస్తుందని ఆయన చెప్పేవాడు. కేంబ్రిడ్జిలో ఆయనను ఆదరించిన హార్డీ దేవుణ్ణి నమ్మని మనిషి. హార్డీ నవ్వలేదు. రుజువు రాయమన్నాడు. ఇద్దరూ కలిసి పనిచేశారు. జర్మనీ రసాయన శాస్త్రవేత్త కెకులే బెంజీన్ ఆకారం గురించి 1890లో ఒక సభలో చెప్పుకొన్నాడు. పొయ్యి దగ్గర కునుకు తీస్తుంటే తన తోకను తానే కరుచుకున్న పాము కనిపించిందని, దాంతో ఆ అణువు ఉంగరంలా ఉంటుందని తట్టిందని అన్నాడు. మీ ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకంలో ఆ ఉంగరం బొమ్మ ఉంది.

వాళ్ల విషయంలో దాన్ని ప్రతిభ అంటారు, స్ఫురణ అంటారు. మన పెద్దవాళ్ల విషయంలో అదే అనుభవాన్ని అనాగరికం అంటారు. తేడా కలలో లేదు. ఎవరు కన్నారన్న దాంట్లో ఉంది. ఈ సంగతి తెలిసిన రోజున తల దించుకోవలసింది ఎవరో మీకే అర్థమవుతుంది.

కలకు కూడా పరీక్ష ఉంది

ఇంత చెప్పాక, కలలో వచ్చిందల్లా మంచిదేనని మేం అంటే మీరు మమ్మల్ని నమ్మకూడదు. మన ఊళ్లలో చిల్లంగి పేరుతో, బాణామతి పేరుతో మనుషులను కొట్టి చంపిన సంఘటనలు ఉన్నాయి. "ఫలానా ముసలామె చేసిందని నాకు కనిపించింది" అన్న ఒక్క మాట చాలు, ఒక ఇల్లు కూలడానికి. అదీ ఊహే. భయంలో నుంచి, పగలో నుంచి వచ్చిన ఊహ. పిల్లకు జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించాలి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అందులో రెండో మాట లేదు.

మరి ఏ కల మంచిది, ఏది చెడ్డది అని ఎలా తెలుసుకోవాలి? మంగై కథలోనే దానికి జవాబు ఉంది. దర్శనం వచ్చాక ఆ అక్షరాలు పదిమంది చేతిలోకి వెళ్లాయి. రాసి చూశారు, చదివి చూశారు, పిల్లలకు నేర్పారు, అచ్చు వేశారు. సవర మాటను ఆ అక్షరాలు మోయగలిగాయి గనుక నిలిచాయి. రామానుజన్ సూత్రాలకు కూడా ఇదే పరీక్ష. కొన్ని తప్పని తేలాయి, చాలా నిలిచాయి. కల తెచ్చి ఇస్తుంది, పగటి పని నిలబెడుతుంది. విత్తనం చల్లాక కలుపు తీయకుండా ఏ పోడూ పండదు. ఎవరినో నాశనం చేయమనే కల, పదిమంది ముందు పరీక్షకు ఒప్పుకోని కల, మనది కాదు.

ఇంకో పరీక్ష కూడా ఉంది. ఆ కల ఎందుకు పుట్టింది? మంగై తన కోసం అక్షరాలు అడగలేదు. తన జనం కోసం అడిగాడు. ఆ కోరిక ఏళ్ల తరబడి ఉంది. కోరిక లేని చోటికి దర్శనం రాదు. ఊహకు వెనక ఉద్దేశం ఉండాలి. దున్నని నేల మీద వాన పడినా వరద అవుతుందే గాని పంట కాదు.

టీచర్లకు ఒక మాట

మాలో కొందరం టీచర్లం. మేం చేసిన తప్పు చెబుతాం. బొమ్మ గీయమంటే పిల్లలు మన గోడ మీది మనుషులను గీస్తారు. మూడు కోణాల ఒళ్లు, పుల్లల్లాంటి కాళ్లు. మేం దాన్ని కొట్టేసి, పుస్తకంలో ఉన్న పెంకుటిల్లు, రెండు కొండల మధ్య సూర్యుడు గీయించాం. ఆ పిల్లల ఊళ్లో సూర్యుడు రెండు కొండల మధ్య ఉదయించడు. వాళ్ల ఇంటి గోడ మీద ఉన్న సూర్యుడికి ముఖం ఉంటుంది. మేం వాళ్ల కంటిని మూసి మా కన్ను పెట్టాం.

ఇప్పుడు ఏం చేయవచ్చు? పెద్ద పనులేమీ అక్కరలేదు. వారానికి ఒకరోజు పిల్లలను ఇంట్లో అడిగి రమ్మనండి: ఈ పాట మొదట ఎవరికి వచ్చింది, ఎలా వచ్చింది? ఈ బొమ్మ ఎవరి కోసం వేశారు? కోయ పిల్లలైతే డోలి వాళ్ల పడిగె గుడ్డ మీద బొమ్మల వరస ఎవరి కథ చెబుతోందో అడిగి రమ్మనండి. వచ్చిన జవాబును దిద్దకుండా, చెప్పిన మనిషి పేరుతో, ఊరి పేరుతో, తేదీతో నోటు పుస్తకంలో రాయించండి. "కలలో వచ్చింది" అని చెబితే అలాగే రాయించండి. చరిత్ర రాసేవాడికి అది ఆధారం. ఆ మాట కొట్టేసి "సంప్రదాయంగా వస్తోంది" అని రాస్తే, ఒక మనిషి చేసిన పనిని ఎవరూ చేయని పనిగా మార్చినట్టే. మన కళలన్నిటికీ పేర్లు లేకుండా పోయింది ఇలాగే.

యువకులకు ఒక మాట. ఇప్పుడు మన గోడ బొమ్మలు చీరల మీదికి, సంచుల మీదికి, ఆఫీసు గోడల మీదికి వచ్చాయి. నాలుగు డబ్బులు వస్తున్నాయి, మంచిదే. కానీ ఏ బొమ్మ అమ్మకానికి, ఏది ఒక సోనుం కోసం కట్టిన ఇల్లు అన్నది పెద్దలను అడిగి తెలుసుకోండి. నమూనా చూసి వంద బొమ్మలు గీయడం చేతిపని. నూట ఒకటో బొమ్మలో మీ కాలం కనిపించాలి. మీ తాతలు రైలును, విమానాన్ని గీశారు. మీరు సెల్ టవర్‌ను, గనుల లారీని, హాస్టల్ గేటును గీయండి. అలా గీసినప్పుడే ఆ కళ మీలో బతికి ఉన్నట్టు.

చివరగా ఆ కుర్రాడికి. తమ్ముడూ, నువ్వు వద్దన్న మాటే మేం ఈ వ్యాసానికి పేరుగా పెట్టాం. మంగై గొమాంగోకు మూడు భాషలు వచ్చని రాశాం, ఇరవై నాలుగు అక్షరాల్లో ఒక్క ఒత్తు అక్షరం కూడా లేదని రాశాం, అవి దర్శనంలో వచ్చాయని కూడా రాశాం. మూడూ నిజమే. వీటిలో ఒకటి తీసేస్తే మిగతా రెండూ కుంటుతాయి. ఎవరైనా నవ్వితే మీ ఇంటి అక్షరం ఎక్కడి నుంచి వచ్చిందని అడుగు. చాలామందికి తెలియదు. మనకు మాత్రం తేదీతో సహా తెలుసు. 1936 జూన్ 18.